కొసరి వడ్డించిన మ్యాచ్

ఆ ఏడు ఎండలు ముదరకముందే పల్లె వాగు ఎండిపోయింది. తప్పు ఎండది కాదు. పైన కొండ మీద ఎలుగుబంట్లు వాగుకు అడ్డంగా మూడు బండలు దొర్లించి, నీళ్ళన్నీ తమ మడుగులోకి మళ్ళించుకున్నాయి. కింద లేగదూడలు తడి ఇసుక నాకుతున్నాయి. న్యాయం అడగబోతే ఎలుగుల నాయకుడు భీమన్న పొట్ట నిమురుకుంటూ బేరం పెట్టాడు.

"మా మైదానానికొచ్చి మమ్మల్ని ఫుట్‌బాల్‌లో ఓడించండి. ఆ పూటే బండలు తీసేస్తాం. ఓడిపోయారో, వానలు పడేదాకా ఈ మాట ఎత్తకండి."

అంతకు ముందేడు సరదాకి ఆడితేనే పల్లెవాళ్ళు తొమ్మిది గోల్స్ తిన్నారు. తిరిగి ఒక్కటీ కొట్టలేదు. ఇప్పుడు మాత్రం జట్టు ఏం మారిందని? గోల్ దగ్గర ముసలి ఎద్దు సాంబయ్య, కెప్టెనూ ఆయనే. ముందు వరసలో మేక చుక్కి. వెనక కాపలాకి గాడిద లచ్చన్న. మిగతావి గొర్రెలూ బాతులూ కోళ్ళూ. అయినా బయల్దేరారు, పాపం.

"గెలుస్తామంటావా మామా?" కొండెక్కుతూ చుక్కి అడిగింది.

"ఏమోనమ్మా! దూడల నాలుకలు చూశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు" అన్నాడు సాంబయ్య.

ఎలుగులు ఉత్తినే ఆడినా గెలిచేవి. కానీ వాళ్ళ మేనేజరు నక్క పేరయ్య. వాళ్ళ బలంతో గెలిస్తే అతనికి పేరెక్కడిది? తన తెలివితోనే గెలిచారని కొండంతా చెప్పుకోవాలి. అందుకని ఒళ్ళు తేలిగ్గా ఉంటుందని ఎలుగుల్ని ముందురోజు నుంచీ పస్తుంచాడు. వచ్చేవాళ్ళకి మాత్రం మోదుగ విస్తళ్ళు పరిపించాడు. తేనె, పనస తొనలు, మత్తెక్కించే ఎండు ఇప్పపూలతో చిక్కటి పాయసం. గొంతుదాకా తినిపించి మిట్టమధ్యాహ్నం ఎండలోకి దింపితే ఎవడు పరిగెత్తుతాడు?

"రండి రండి, సాంబయ్య బావగారూ! అన్నం తినకుండా ఆడించామంటే మా కొండకి ఎంత అప్రతిష్ఠ!" అంటూ ఎదురొచ్చాడు.

సాంబయ్య విస్తళ్ళు చూశాడు. అవతల లొట్టలేస్తూ నిలబడ్డ ఎలుగుల్ని చూశాడు. ఆయనకి సంగతి అర్థమైంది.

"బావగారూ అని నోరారా పిలిచారు. అంటే ఇది వియ్యాలవారి విందే కదా! మరి మీవాళ్ళు నిలబడ్డారేం?"

"వాళ్ళు... తర్వాత తింటారులెండి."

"అయ్యో, అదేం మాట! ఎదురు పంక్తిలో మీరు కూర్చోందే మేం ముద్ద ముట్టం. మీరు మాకు వడ్డించాలి, మేం మీకు కొసరి కొసరి వడ్డించాలి. మర్యాద మొదలుపెట్టింది మీరే కదా!"

నక్క గబగబా భీమన్న చెవి దగ్గరకెళ్ళి, "కూర్చోండి, కానీ తిన్నట్టు నటించండి. అంతే!" అని గొణిగాడు.

ఒకటిన్నర రోజు పస్తున్న ఎలుగుబంటి ముందు తేనె పెట్టి నటించమన్నవాణ్ణి ఏమనాలి? భీమన్న రెండు చెంచాలు నటించాడు. మూడో దానికి ముంతే ఎత్తాడు.

"చాలు చాలు" అంటూనే విస్తరి ముందుకు జరిపాడు.

"చాలంటే ఎలా అన్నయ్యగారూ? నా మీద ఒట్టు, ఇంకొక్క గరిటె!" అంటూ చుక్కి పాయసం పోసింది. బాతులు తేనె తెచ్చాయి, కోళ్ళు తొనలు వలిచి పెట్టాయి. పల్లెవాళ్ళు తలా రెండు ముద్దలతో సరిపెట్టుకున్నారు. సాంబయ్య ఎంత కన్నెర్రజేసినా లచ్చన్న ఒక్కడే వినకుండా మూడు విస్తళ్ళు ఖాళీ చేసి గట్టు మీదే గుర్రు పెట్టాడు. పదిమందే మైదానంలోకి దిగాల్సొచ్చింది.

రిఫరీ కొంగ ఈల ఊదింది. ఎలుగులు మంచి ఊపు మీద వచ్చాయి. పది నిమిషాల్లో రెండు గోల్స్! రెండోదానికి సాంబయ్య కూడా బంతితో పాటే వలలో పడ్డాడు.

"ఇంక ఇంటికి పోదాం మామా" అంది చుక్కి, ఏడుపు గొంతుతో.

"భీమన్న కళ్ళు చూడు. రెప్పలు బరువెక్కుతున్నాయి. బంతిని అటూ ఇటూ తిప్పుతూ ఉండండి, వాళ్ళని నడిపించండి చాలు."

హాఫ్‌టైమ్ అయ్యేసరికి ఎండా ఇప్పపూలూ పని మొదలుపెట్టాయి. రెండో సగంలో ఒక ఎలుగు నీడ కోసం వెతికింది. ఇంకొకటి బంతి మీద తల పెట్టుకుంది. పేరయ్య గీత బయట గంతులేస్తూ "లేవండ్రా! పరిగెత్తండ్రా!" అని అరిచాడు. చుక్కి ఒక గోల్ కొట్టింది. ఇంకాసేపటికి బాతులు ఎలుగుల కాళ్ళ సందుల్లోంచి తోసుకుంటూ పోయి రెండోది కొట్టాయి.

ఆఖరి నిమిషం. రెండుకి రెండు. బంతి భీమన్న కాళ్ళ దగ్గర, ఎదురుగా సాంబయ్య ఒక్కడే. భీమన్న కాలెత్తాడు. పల్లెవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు. భీమన్న ఎత్తిన కాలు దించకుండానే పేద్ద ఆవులింత తీసి, మెల్లగా కూలబడిపోయాడు. సాంబయ్య ఉన్న బలమంతా పెట్టి బంతిని అవతలికి తన్నాడు. చుక్కి దాని వెంట పడింది.

తీరా వెళ్ళి చూస్తే గోల్ మూసుకుపోయి ఉంది. ఎలుగుల గోల్‌కీపర్ గీత మీద అడ్డంగా పడుకున్నాడు! చుక్కి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముక్కుతో బంతిని పైకెగరేసి, ఆ బొచ్చు కొండ మీదుగా తలతో ఒక్క పోటు పొడిచింది. ఈల మోగింది. కోళ్ళు చేసిన గోలకి కొండంతా దద్దరిల్లింది. సాంబయ్య కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయాడు.

"ఆ పూటే అన్నారు. బండలు తియ్యండి" అంది కొంగ.

పేరయ్య భీమన్నని కుదిపాడు. "రేపు చూద్దాంలే" అని భీమన్న అటు తిరిగి పడుకున్నాడు. మిగతా పదిమందీ గుర్రు. ఇక మిగిలింది మేనేజరు గారే! పాపం, మొదటి బండకి భుజం ఆనించి నాలిక బయటపెట్టాడు. అది కదిలితేనా?

"జరగండి బావగారూ, నేనూ ఓ చెయ్యేస్తా" అని సాంబయ్య కొమ్ములు ఆనించాడు.

మూడో బండ దొర్లాక నీళ్ళు ఒక్కసారిగా వాగులోకి దూకాయి. పల్లెవాళ్ళు ఇంకా కొండ సగం దిగనేలేదు, కింద నుంచి దూడల అరుపులు వినిపించాయి. అవి దాహంతో అరిచే అరుపులు కావని చుక్కికి తెలిసిపోయింది.

నీతి: గెలిచే సత్తా ఉన్నవాడు ఆడి గెలవాలి, అతితెలివికి పోతే ఆ సత్తా కాస్తా గుర్రుపెట్టి నిద్రపోతుంది.