సోమలింగం తలెత్తిన రోజు

డాక్టర్ యజ్ఞనారాయణ గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేస్తూ ఉంటే జవాబు దొరకాలి, దొరక్కపోతే అది మన ఖర్మ. ఆయన దగ్గర కంటి శస్త్రవైద్యం నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ కలిసినా ఈ మాట చెప్పుకుని నవ్వుకుంటారు. ఇప్పుడాయన లేరు.

ఆ శిష్యుల్లో ప్రభుదాసు మహా చురుకైనవాడు, దానికి తగ్గ కోపిష్టి. ఒకనాడు వార్డులోంచి రుసరుసలాడుతూ వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు.

"చెప్పిన మాట వినని మనిషికి మళ్ళీ మళ్ళీ వైద్యం ఎందుకు చెయ్యాలి సార్?"

అతని కోపమంతా సోమలింగం మీద. సోమలింగం అనకాపల్లి అవతల ఒక పల్లెలో బెల్లం వండేవాడు. షుగరు ఉందని తెలిశాక కాఫీలో పంచదార మానేశాడు, పండగ పూట పాయసం మానేశాడు, పాకం నాలిక మీద వేసుకుని చూడటం మాత్రం మానలేదు. అది తినడం కిందికి రాదని అతని నమ్మకం! చూస్తుండగానే ఎడమ కన్ను పోయింది. తర్వాత కుడి కంట్లోనూ పిచ్చి రక్తనాళాలు పుట్టి, ముడుచుకుపోయి, కంటి వెనక పొరను గోడ మీది సున్నం పెచ్చులా ఊడదీశాయి. మిగిలింది ఆ ఒక్క కన్నే. గురువుగారు పొరను సర్ది, అది అంటుకునేదాకా ఒత్తి పట్టడానికి లోపల గ్యాసు పెట్టారు. వారం రోజులు తల దించుకునే ఉండాలి, అప్పుడే ఆ గ్యాసు పైకి తేలి పొరను పట్టుకుంటుంది. ఈ మాట ప్రభుదాసు పదిసార్లు చెప్పాడు. సోమలింగం పదిసార్లూ "అలగే బాబూ" అన్నాడు. తీరా చూస్తే మూడోనాడు తల నిలబెట్టుకుని, పెళ్ళికి వచ్చినవాడిలా కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. పొర మళ్ళీ ఊడింది.

గురువుగారు అంతా విన్నారు. "ఈసారి గ్యాసు కాదు, సిలికాన్ నూనె పెడదాం, అది త్వరగా కరిగిపోదు," అన్నారు. "ఆపరేషనైన మర్నాడు నువ్వు అతని పక్కన కూర్చో. అతనిలాగే తల దించుకో. ఎవరొచ్చినా ఎత్తకూడదు."

ప్రభుదాసుకు ఒళ్ళు మండింది. కానీ ఆయన మాటకు ఎదురు చెప్పినవాడు ఆ ఆసుపత్రిలో ఇంకా పుట్టలేదు.

అనుకున్న రోజున ఇద్దరూ మంచం అంచున పక్కపక్కన కూర్చున్నారు, మాస్టారు శిక్ష వేసిన పిల్లల్లాగ. కాసేపటికే ప్రభుదాసు మెడ పట్టేసింది. ఎంతసేపు చూసినా నేల, నాలుగు కాళ్ళు. ఆ విసుగులోంచే అడిగాడు: "ఆ రోజు తల ఎందుకెత్తావయ్యా? నీకు కన్ను అక్కర్లేదా?"

"అక్కర్లేకేటి బాబూ! మా అప్ప వొచ్చింది."

అమ్మ పోయినప్పుడు సోమలింగం ఉయ్యాల్లో ఉన్నాడు. పెంచిందంతా ఆ అప్పే, అతని అక్క కొండమ్మ. గానుగ ఆడే రోజుల్లో చంకన వేసుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళేది. వేడి పాకం అరిటాకు ముక్క మీద పోయించి, ఊది ఊది చల్లార్చి నాకించేది.

"ఆ వోసన ఇప్పటికీ ముక్కులో ఉంది బాబూ. పెద్దయ్యాక పెనాల కొద్దీ వొండాను గానీ, ఆ ఆకు మీది రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. అప్ప అంత దూరం నుంచి వొస్తే మొగం దించుకుని కూకుంతానా? తమ్ముడు మొగం సాటేశాడు అనుకోదా? లేచి కాళ్ళకి దణ్ణం ఎట్టాను. రెండ్రోజులుంది. కన్ను ఉంతాదో పోతాదో అని కడుపారా సూసుకున్నాను."

ప్రభుదాసుకు తన నాయనమ్మ గుర్తుకొచ్చింది. షుగరుకే ఆవిడ చూపూ పోయింది. అతను సెలవులకు వెళితే మొహమంతా తడిమి, "చిక్కిపోయావురా దాసూ" అనేది. ఎన్నేళ్ళయిందో ఆవిడను తలుచుకుని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల దించుకుని ఉండటం మంచిదే అయింది.

అంతలో వార్డు గుమ్మంలో తెలిసిన చెప్పుల చప్పుడు. ప్రభుదాసు చటుక్కున తలెత్తి, లేచి నిలబడి చేతులు జోడించాడు.

"నమస్కారం సార్."

గురువుగారు అతని కేసి చూశారు. "ఎందుకు లేచావు?"

"మీరొచ్చారు గదా సార్..."

అన్నాక గానీ తనేమన్నాడో తెలియలేదు. ఈసారి తల దానంతటదే దిగింది.

గురువుగారి వెనక ముసలావిడ ఒకత్తె నిలబడి ఉంది. "తమ్ముడూ," అని పిలిచింది. సోమలింగం రెండు చేతులూ మంచానికి ఆనించి లేవబోయాడు. ప్రభుదాసు గబుక్కున అతని మెడ మీద చెయ్యి వేసి ఆపాడు. "వద్దు, నీకు పుణ్యముంటుంది, వద్దు!" కొండమ్మ ఎటూ పాలుపోక నిలుచుంది.

గురువుగారే ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సోమలింగం మోకాళ్ళ ముందు నేల మీద కూర్చోబెట్టారు. ఆవిడ మొహం పైకెత్తింది. సరిగ్గా అతని మొహం కిందికి వచ్చింది.

"అప్పా! నా కాళ్ళ కాడ నువ్వు కూకోడమేటి? నాకు పాపం కాదా?"

"నోర్ముయ్యిరా. నీకు లాల పోసినప్పుడు కుర్చీలో కూకున్నానేటి? కనిపిస్తున్నానా?"

సోమలింగం చాలాసేపు చూశాడు. "మసగ్గా ఉన్నావు. నువ్వే గానీ." తల మాత్రం ఎత్తలేదు. కొండమ్మ కింద నుంచే చెయ్యి చాచి అతని గడ్డం పట్టుకుంది.

ప్రభుదాసు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వెళ్ళబోతూ గురువుగారు అతని దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"నేల చల్లగా ఉంది, ఆవిడకో చాప తెప్పించు. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడే మనం వేయించి ఉండాల్సింది."