కావలివాడి నడుం సంచి

రాజలింగం మాస్టారు తనను అడిగిన ప్రశ్నకు అడిగిన రోజునే జవాబు చెప్పే మనిషి కాదు. నాటకాలకు దుస్తులు కుట్టడంలో నలభై ఏళ్లు గడిపినవాడు. హనుమకొండలో ఆయన ఇంటి ముందుగదిలో నలుగురు శిష్యులు చేతికుట్టు నేర్చుకునేవారు. వాళ్లలో ఎవరైనా ‘ఎందుకు’ అనో ‘ఎట్లా’ అనో అడిగితే, ఆయన సూదిని ఒకసారి తల వెంట్రుకలకు రాసుకుని, “చూద్దాం” అని మళ్లీ పనిలో పడేవాడు. ఆ ‘చూద్దాం’ కొందరికి వారానికి తెమిలేది, కొందరికి ఏడాది పట్టేది.

సువర్ణ అడిగిన ప్రశ్న ఆమెకు అన్నం సహించనివ్వని ప్రశ్న.

“సారూ, ఎన్నటికీ ఊడని కుట్టు ఎట్ల వేస్తరు?”

దాని వెనుక ఒక సంగతి ఉంది. అంతకుముందు ఏడాది ఆమె ఒక నాటకంలో రత్నాల వర్తకుడి వేషానికి సంచి కుట్టి ఇచ్చింది. కొడుకు చావుకు వర్తకుడు ఏడ్చే ఘట్టంలో, సరిగ్గా ఆ క్షణాన, సంచి అడుగు విడిపోయింది. గాజుపూసలు వేదిక మీంచి దొర్లుకుంటూ ముందు వరుస కాళ్ల దాకా వెళ్లాయి. హాలంతా పగలబడి నవ్వింది. నటుడు ఏడుపు ఆపలేదు గానీ, ఏడుస్తూనే వంగి పూసలు ఏరుకున్నాడు. తరువాత సువర్ణను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించింది. ఆనాటి నుంచి రుమాలు అంచు మడిచినా రెండేసి వరసలు కుట్టేది.

మాస్టారు “చూద్దాం” అన్నాడు. అని, ఒక పని అప్పగించాడు. ఊళ్లోని నాటక సమాజం ఒకటి పాతకాలపు కోట కథ ఆడబోతోంది. అందులో కోట కావలివాడికి నడుముకు కట్టుకునే సంచి కావాలి. నాటకంలో ఆ సంచిని ఎవరూ తెరవరు. అది ఆ కాలంనాటి వస్తువులా కనిపిస్తూ నడుముకు వేలాడితే చాలు.

ఊరి బయట పాడుబడిన ఒక మండపం స్తంభం మీద సైనికుడి బొమ్మ ఉంది. సువర్ణ అక్కడికి వెళ్లి, ఆ బొమ్మ నడుముకున్న సంచిని కాగితం మీద గీసుకుని వచ్చింది. అర్ధచంద్రాకారంలో అడుగు, పైన కప్పులా వాలిన మూత, మూతకు ఒక తోలు ఉచ్చు, ఉచ్చులో దూరే ఒకే ఒక్క గుండీ. ఆమె లోపలికి మందపాటి కేన్వాసు, పైకి మేకతోలు ఎంచుకుంది. తోలుపని ఆరెతో వరసగా బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒక్కో బెజ్జంలోంచి రెండువైపులా దారం లాగుతూ కుట్టుకుంటూ పోయింది. అట్లా కుడితే ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. పదకొండు రోజులు పట్టింది. చివరికి మూత దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క గుండీని నమ్మడానికి మనసొప్పలేదు. బొమ్మలో లేకపోయినా అటూ ఇటూ రెండు తోలుతాళ్లు, మూత కింద సంచి నోటి చుట్టూ ఇంకో తాడు చేర్చింది.

పూర్తి వేషాలతో సాధన చేసే రోజు మధ్యాహ్నం, కావలివాడి వేషం వేసే ఇన్నయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి మానుకున్న మనిషి, అరవై దగ్గర పడ్డవాడు, ఉబ్బసం ఉంది. జేబులోని ఇన్‌హేలర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“వేషం అంగీకి జేబు లేదు బిడ్డా. నీ సంచిల వెయ్యి. కింద పడకుండ జర చూడు. ఇది లేకపోతే నేను లేను.”

“పడనిస్తనా కాకా!” అంది సువర్ణ. ఇన్‌హేలర్ లోపల పెట్టి, ఆరేకొద్దీ బిగుసుకోవాలని తాళ్లను నీళ్లలో తడిపి మరీ ముళ్లు వేసింది. కాసేపటికి మాస్టారు అటుగా వచ్చి సంచిని పట్టి చూశాడు. లోపల ఏమున్నదీ ఆయనకు తెలియదు. “గట్టిగున్నది” అని వెళ్లిపోయాడు. ఆ మాటకు సువర్ణ మొహం వెలిగిపోయింది.

రెండో అంకంలో గుడి ఘట్టం. ఎవరో సాంబ్రాణి కాస్త ఎక్కువే వేశారు. పొగ వేదికంతా కమ్ముకుంది. ఇన్నయ్య మాట మధ్యలో ఆగిపోయాడు. అది నటనే అనుకుని ఒకరిద్దరు తలలాడించారు. తెర పక్కన నిలబడ్డ సువర్ణకు మాత్రం ఆయన చెయ్యి నడుము దగ్గర వెతుక్కుంటూ ఉండడం కనిపించింది. పరుగెత్తింది.

గుండీ వెంటనే వచ్చింది. ముళ్లు రాలేదు. తాళ్లు ఆరి రాయిలా బిగిశాయి. గోళ్లు విరిగాయి. పళ్లతో పట్టి లాగింది. ఆయన ఛాతీలోంచి ఈల వేసినట్టు సన్నని చప్పుడు వస్తోంది, పెదవులు నల్లబడుతున్నాయి. ఎవరో ఆటో అని అరుస్తున్నారు. తన చేత్తో వేసిన ముడి ఒక్కటంటే ఒక్కటి తన మాట వినడం లేదు.

మాస్టారు ఎప్పుడొచ్చాడో, దారాలు తెంపే చిన్న కత్తిని పిడివైపు ఆమెకు చాపాడు.

“ముళ్లు ఇడిసిపెట్టు. తోలు కొయ్యి.”

ఆమె కోసింది. మేకతోలు తెగింది, కేన్వాసు తెగలేదు. పళ్ల బిగువున రెండోసారి లాగింది. ఇన్‌హేలర్ ఆమె అరచేతిలోకి జారింది.

ఇన్నయ్య రెండుసార్లు పీల్చాడు. కొంచెం ఆగి మరోసారి. సువర్ణ ఆయన వీపు నిమురుతూ పక్కనే కూర్చుంది. ఈల సన్నగిల్లింది. భుజాలు దిగాయి. మొహానికి రంగు తిరిగి వచ్చింది. అప్పుడు హాల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. గోరువెచ్చటి నీళ్లు తాగి, ఆయన తెగిన సంచి వైపు చూశాడు.

“కోటకు నేను కావలి అనుకున్న. నువ్వు నా మందుకే కోట కట్టినవ్ గద బిడ్డా!”

సువర్ణకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆటోలో తీసుకెళ్తే డాక్టరు చూసి, భయపడాల్సిందేమీ లేదు, పొగకు దూరంగా ఉండమని చెప్పి పంపాడు. తిరిగి వచ్చే దారిలో మాస్టారు, “నాదీ తప్పే. పట్టుకోని చూసిన గని తెరిచి చూడలే” అన్నాడు. ఆయన నోట ‘తప్పు’ అన్న మాట ఆమె వినడం అదే మొదలు.

మరునాడు ఆమె మళ్లీ మండపానికి వెళ్లింది. ఈసారి చాలాసేపు చూసింది. రాతి సైనికుడి ఎడమ బొటనవేలు మూత అంచు కింద దూరి ఉంది. మూత ఎత్తడానికి పెట్టిన ఆ వేలిని ఉత్త నిలబడే తీరు అనుకుని తన కాగితం మీద గీయనే లేదు. అటునుంచి అటే ఇన్నయ్య ఇంటికి నడిచి, “కాకా, నీ ఎడమ చెయ్యి ఒకసారి ఇటియ్యి” అని అడిగింది. వేళ్ల పొడవు కొలిచింది. ఆయాసం వచ్చినప్పుడు ఏ వేలు వణుకుతుందో, ఏది పట్టు ఇస్తుందో అడిగింది. కొత్త సంచికి అదే రెండు సూదుల కుట్టు వేసింది. మూతకు మాత్రం ఒకటే ఉచ్చు, కాస్త పెద్ద గుండీ.

నాటకం రోజు సాంబ్రాణి మానేశారు. రంగు పూసుకోకముందు ఇన్నయ్య కళ్లు మూసుకుని, కుడిచేత ఈటె పట్టుకుని, ఎడమచేత్తో సంచి తెరిచాడు. ఇన్‌హేలర్ చేతిలోకి వచ్చింది. దాన్ని లోపల పెట్టి, మూత వేసి, వేదిక చుట్టూ గంతులేసినట్టు నడిచాడు. సంచి ఊగిందే గానీ ఊడలేదు. మళ్లీ తెరిచాడు. మూడోసారి సరదాకు తెరిచి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయి, సువర్ణ అక్కడే ఒక పెట్టె మీద కూలబడింది. కాసేపటికి మాస్టారు దగ్గరికి వెళ్లింది.

“సారూ, ఊడని కుట్టు ఎట్ల వేస్తరో మీరింకా చెప్పలేదు.”

ఆయన రాజుగారి అంగీకి జరీ కుడుతున్నాడు. తల ఎత్తలేదు.

“ఆ ఉచ్చు ఎంత వదులుండాల్నో ఎవరిని అడిగినవ్?”

“ఇన్నయ్య కాకను.”

“నన్నడగలే గద,” అన్నాడు మాస్టారు. “మంచిదైంది.”