మెడ వంగిన చండ్రకర్ర

“ఈ మొండితనం చచ్చేదాకా నేను మీ శిష్యుణ్ణి అనిపించుకోలేను. దాన్ని చంపే దారి చెప్పండి” అంటూ ఒక చలికాలపు పొద్దున మారెన్న సిద్ధప్ప గురువు ముందు కూర్చున్నాడు. ఆ మొండితనంతోనే అన్నదమ్ములతో మాటలు తెంచుకుని వచ్చినవాడు. ఇక్కడా దారి దొరకకపోతే వెళ్లిపోదామని మూట సర్దుకుని మరీ వచ్చాడు పాపం.

సిద్ధప్ప ఏ ప్రశ్నకైనా చేతికి పని చెప్పే మనిషి. ఆయన దగ్గర దుడ్డుకర్రలు చెక్కడం నేర్చుకోని శిష్యుడు లేడు. మొక్కను వేరుతో సహా తవ్వి తెస్తారు. బలిసిన వేరుముద్ద కర్రకు తల అవుతుంది, కాండం పిడి అవుతుంది.

“కాపరి గంగులమ్మ వానలకు మందను కొండెక్కిస్తుంది. పోయినేడు తోడేళ్లు ఆమె మీదికే వచ్చినాయి. ఆమెకొక కర్ర చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు గురువు.

కొట్టంలో ఆరిన చండ్రమొక్క ఒకటి మారెన్నకు దొరికింది. అది తల కింద, మెడ దగ్గర వంగి ఉంది. ఆ వంపు చూస్తేనే అతనికి చిరాకు. బాడిసె పట్టి వంపంతా చెక్కేసి, కర్రను తిన్నగా తీర్చి, నూనె రాసి తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది. సిద్ధప్ప తన అలవాటు ప్రకారం దాన్ని వాకిట్లోని బండ మీద ఒక్క దెబ్బ వేశాడు. తల ఊడి అవతల పడింది.

“చెక్కలోని నారపోగు ఆ వంపు వెంటే తలలోకి పోతుంది నాయనా. నువ్వు దాన్నే కోసేసినావు” అన్నాడు.

మారెన్నకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా మర్నాడే గడ్డపార భుజాన వేసుకుని అడవికి పోయాడు. అరచేతులు బొబ్బలెక్కేలా గట్టినేల తవ్వి, వంగిన చండ్రమొక్కనే ఏరి తెచ్చాడు. ఎండాకాలమంతా నీడలో ఆరబెట్టాడు. వంపు ఎటు పోతే బాడిసెను అటే పోనిచ్చాడు.

తొలకరికి గంగులమ్మ వచ్చింది. “ఇదేంది సామీ, ఇంత వంకర?” అంది. సిద్ధప్ప దాన్ని బండ మీద బలంకొద్దీ కొట్టాడు. బండ పెచ్చు లేచింది. ఆమె కర్ర అందుకుని మంద వెంట కొండదారి పట్టింది.

“మరి నా మొండితనం సంగతి?” అన్నాడు మారెన్న.

“మొదటి కర్ర విరిగినాక నిన్ను అడవికి తోలింది ఎవరు? నేనైతే కాదు” అన్నాడు సిద్ధప్ప.