భైరయ్య జారిన గచ్చు

చింతలంక దాటాక ఓ పాడి దొడ్డి ఉంది. దొడ్డి నడుమ సిమెంటు గచ్చు, గేటు దగ్గర్నుంచి కోళ్ళ గూటి దాకా వాలుగా పోశారు. పైన అవిసె చెట్టు నీడ. వానలు పట్టుకునేసరికి గచ్చంతా పచ్చగా పాచి పట్టింది. ఇంకేం, కాలు పెడితే జర్రున జారుడే!

దొడ్డికి కాపలా భైరయ్య అనే ముసలి కుక్క. నాలుగైదు రోజులకోసారి పొద్దుగూకే వేళకి ఓ నక్క గేటు కింద దూరేవాడు. చతికిలబడి, సర్రున గచ్చు మీద జారుకుంటూ గూటి దగ్గర తేలేవాడు. భైరయ్య వాడి వెంట ఉరికితే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి పోయి బోర్లా పడేవాడు. ఆలోగా నక్క గోడ కింది తూములోంచి మాయం. గంగాలు పెట్టకి ఎనిమిది పిల్లల్లో రెండు అలాగే పోయాయి పాపం.

"మావా, ఏమనుకోకు. నీకు వయసైపోయింది. పక్క దొడ్డి కుక్కని పిలుచుకుంటాను" అంది గంగాలు కళ్ళు తుడుచుకుంటూ.

భైరయ్య తల దించుకున్నాడు. "నిజమే తల్లీ. నా కాళ్ళలో పస పోయింది. రెండ్రోజులు చూసి చేలగట్టుకి వెళ్ళిపోతాను."

మాలచ్చి గేదెకి ప్రాణం ఉసూరుమంది. "పోనీ, ఆ పాచి గీకేస్తేనో?"

వెంటనే తాటాకు దడి అవతల నుంచి ఓ గొంతు, "గీకకండమ్మా! నేను తాపీమేస్త్రిని, దారిన పోతున్నా. గీకితే గచ్చు పెచ్చులూడుతుంది. రెండు పూటలా నీళ్ళు కొట్టండి, నాని నాని అదే పోతుంది" అంది.

మేస్త్రి కాదు, వాడి మొహం! నక్కే. కానీ దడి చాటున ఎవరికి కనిపించాడు గనక? మాలచ్చి తొట్టిలో తోక ముంచి రెండు పూటలా గచ్చంతా చిమ్మింది. పాచి పరుపులా బలిసింది. భైరయ్య మళ్ళీ పడ్డాడు, ఈసారి భుజం కూడా బెణికింది.

మూడో పొద్దున ఆ ముసలాయన ఎవరితోనూ చెప్పకుండా కుంటుకుంటూ చేలగట్టు దారి పట్టాడు. ఇంతలో కాళ్ళ కిందనుంచి పందికొక్కు ఒకటి దూసుకుపోయింది. భుజం నొప్పి మర్చిపోయి, రెండంగల్లో దాన్ని ఒడిసిపట్టాడు.

"ఆగు తమ్ముడూ!" అని మాలచ్చి గాటి దగ్గర్నుంచే అరిచింది. "మట్టిలో ఇంత పరుగు తీసేవాడివి, గచ్చు మీదే పడతావేం? పస పోయింది నీ కాళ్ళలో కాదయ్యా. పాచి బలిసింది, అదీ నేను కొట్టిన నీళ్ళతోనే! ఆ మేస్త్రి గొంతు ఎవరిదో ఇప్పుడు తెలిసింది."

గంగాలుకి కూడా అప్పుడే ఓ సంగతి గుర్తొచ్చింది. ఎండ తగిలే గోడ వారన పాచి తన కాలిగోరుకే పెళపెళా ఊడిందట.

ఇక చూడాలి హడావుడి! మాలచ్చి నీళ్ళు కొట్టడం మానేసింది. ముత్యాలు మేక గోడెక్కి, గచ్చుకి నీడ పడుతున్న అవిసె కొమ్మలన్నీ మేసి పారేసింది. వాన తెరిపిచ్చి మూడు రోజులు ఎండ కాసింది. పాచి అప్పడంలా ఎండింది. కోళ్ళకి కెలకడం ఒకరు నేర్పాలా? గీకి గీకి గచ్చు తేల్చాయి. మాలచ్చి తోకతో ఆ పొట్టంతా ఊడ్చింది.

"గేటు దగ్గర మూరెడు వదిలెయ్యండి. చుట్టానికి స్వాగతం ఉండొద్దూ?" అంది గంగాలు. అక్కడ మాత్రం తడిపి ఉంచారు.

పొద్దుగూకింది. నక్క దూరాడు, చతికిలబడ్డాడు, సర్రున జారాడు. మూరెడు దాటగానే గరగరమంది!

"చచ్చాన్రోయ్! నా పిర్రలు!"

భైరయ్య నాలుగంగల్లో వచ్చి తోక పట్టేశాడు. "మేస్త్రిగారూ, గచ్చు ఎలా కుదిరింది?"

"వదులు మావా, ఈ గడప తొక్కితే ఒట్టు!" అని నక్క పెనుగులాడి, సగం తోక వెంట్రుకలు భైరయ్య నోట్లోనే వదిలి తూములోంచి పారిపోయాడు. మళ్ళీ రాలేదు.

గంగాలు ఆరు పిల్లల్నీ వెంటేసుకొచ్చింది. "తప్పైపోయింది మావా."

"మరి పక్క దొడ్డి కుక్క?"

"దాని పేరెత్తావంటే పొడుస్తాను!" అంది గంగాలు. పిల్లలు అప్పటికే భైరయ్య పొట్ట కింద దూరి సర్దుకుంటున్నాయి. కదిలితే బెదురుతాయేమోనని ఆయన భుజం నొప్పిని ఓర్చుకుంటూ అలాగే పడుకున్నాడు.

ఎవరైనా తడబడి పడితే, వాళ్ళ వయసు ఎంచేముందు వాళ్ళ కాళ్ళ కింద నేల ఎలా ఉందో చూడాలి.