మిలటరీ ఇంజను, కోసిన గేజీ పుల్ల

“గవర్రాజూ! ఓ గవర్రాజూ! బయటికి రావయ్యా, నీ ఇంజను చచ్చింది!”

లారీ ఓనరు పైడితల్లి కేక అది. బోడికొండ ఘాట్‌రోడ్డు మొదట్లో షెడ్డు నడిపే గవర్రాజు పనిమంతుడే కానీ, తప్పు తనదైనప్పుడల్లా పక్కవాడి మీద అరిచి నెగ్గుకొచ్చేవాడు.

నెల కిందట ఆమె లారీ ఇంజను పాడైతే, గవర్రాజు వేలంలో మిలటరీ ట్రక్కు ఇంజను కొని తెచ్చాడు. “రెండూ ఒక్క కంపెనీవే పైడమ్మా! మంచుకొండలెక్కిన ఇంజనుకి మన ఘాటీ ఒక లెక్కా?” అన్నాడు. బోల్టులన్నీ చక్కగా కూర్చున్నాయి. కింద ఆయిలు నిలిచే చాంబరు మాత్రం బాగా లోతు. ఇరుసుకి తగిలింది. దాన్ని విప్పేసి లారీ పాత చాంబరే బిగించాడు. అప్పుడు ఆయిలు కొలిచే గేజీ పుల్ల అడుక్కి తగిలింది. లారీ పాత పుల్ల ఎక్కడ పడేశాడో వెతకడానికి బద్ధకించి, దీని కొస కోసేశాడు. గీత మాత్రం లోతు చాంబరుకి గీసిందే, బాగా కిందికి ఉంది. ఆయిలు గీత దాకా కనిపించేది. లోపల ఉన్నది సగమే.

ఇప్పుడు అల్లం బస్తాలతో ఎక్కుతుంటే, ఘాటీ మధ్యలో ఆయిలు చాలక ఇంజను బిగుసుకుని పట్టేసింది.

“నీ డ్రైవరు ఆయిలు చూడలేదు!” గవర్రాజు అందరికన్నా ముందే అరిచాడు. “బాంబులకి చావని ఇంజను వీడి చేతిలో చచ్చింది!”

“రోజూ పొద్దున్నే చూశానమ్మా. గీత దాకా ఉంది,” అన్నాడు ఆమె వెనకే వచ్చిన డ్రైవరు సోంబాబు.

“అబద్ధం! ఆయిలు అమ్ముకుని తాగేసుంటాడు!”

పైడితల్లి కళ్ళు నిప్పులయ్యాయి. “తాళాలు ఇటు పడీ! ఈ ఘాటీలో నీకు స్టీరింగు ఎవడిస్తాడో నానూ చూస్తాను.”

సోంబాబు తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. రేడియేటరు ఆవిరికి అతని చెయ్యి బొబ్బలెక్కి ఉంది. గవర్రాజు వైపు తిరిగాడు.

“నువ్వు బిగించిన ఇంజనని రోజూ దండం పెట్టి బండి తీసేవాణ్ణి, మావా. ఇంత మాటంటావా?”

“పో, పోవయ్యా!” అనబోయాడు గవర్రాజు. బొబ్బలెక్కిన ఆ చేతి మీద కన్ను పడింది. పుల్ల కోసిన సంగతి చెప్పకుండా నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలీదు. సోంబాబు రోడ్డు మీదికి నడిచాడు. గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది, ఈసారి తన మీదే. చేతిలో స్పానరు నేలకేసి కొట్టాడు.

“ఆగు సోంబాబూ! పైడమ్మా, వాడి తాళాలు వాడికిచ్చీ! ఆ పుల్ల కోసింది నేనే. గీత అబద్ధం చెప్పింది, వాడు కాదు. ఇంజన్ని చంపింది నేనే!”

నీతి: తన తప్పుని అరుపులతో కప్పేవాడు, తనని నమ్మినవాడి నోటికాడ కూడు తీస్తాడు.