చూడకుండా ధర చెప్పని నూకాలు

అనగనగా, సముద్రం గడపదాకా వచ్చి పలకరించే ముత్యాలరేవు అనే పట్నం ఒకటి ఉండేది. ఆ పట్నంలో నూకాలు అనే ఒంటరి మనిషి ఉండేది.

ఇళ్ళు శుభ్రం చేయడం ఆమె వృత్తి. ఒక చేత చీపురు, ఒక చేత కుంకుడుకాయల మూట పట్టుకుని బయలుదేరేది. ఆమె కడిగిన ఇంట్లో ఉప్పుగాలి మరక మిగిలేది కాదు. ఏ వస్తువూ ఉన్న చోటు నుంచి కదిలేది కాదు. కానీ ఏం లాభం? ఒక్క మనిషి, రెండు చేతులు. రోజుకు ఒక ఇల్లు, మహా అయితే రెండు. వానలు మొదలైతే పిలిచేవాళ్ళే ఉండరు.

"ఒక్కటంటే ఒక్క పెద్ద పని దొరికితే చాలు. నలుగురు ఆడవాళ్ళను తోడు పెట్టుకుని నిలదొక్కుకుంటాను" అనుకునేది నూకాలు.

ఒకనాడు పట్నంలో దండోరా వేశారు. రాణి కనకాంబిక చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళివారికి విడిది సాగరమహలులో. తొమ్మిదేళ్ళుగా మూసి ఉన్న ఆ మహలులో అరవై గదులున్నాయి. నెల రోజుల్లో వాటిని శుభ్రం చేయగలవాళ్ళు పౌర్ణమినాడు సభకు వచ్చి, ఎంతకు చేస్తారో, ఎన్నాళ్ళలో చేస్తారో అందరి ముందూ చెప్పాలి. ఎవరి మాట సబబుగా ఉంటే పని వాళ్ళది.

నూకాలు ఎదురుచూస్తున్న పెద్ద పని ఇదే. మర్నాడే సాగరమహలు దగ్గరకు వెళ్ళింది.

మహలు అధికారి భోగలింగం ఆమెను చూస్తూనే లేచి నిలబడ్డాడు. అంత పెద్ద అధికారి తనను చూసి లేవడం ఏమిటని నూకాలు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"రా నూకాలమ్మా! నీకే కబురు పెడదామనుకుంటున్నాను" అన్నాడు భోగలింగం తేనె పూసినట్టు. "సభలో అందరికంటే తక్కువ ధర చెప్పు. పని నీకే వస్తుంది. నీకు తగ్గిన ఆ తేడా నేను చాటుగా ఇస్తాను. తేడా ఏమిటి, రెట్టింపే ఇస్తాను."

నూకాలుకు వింతగా తోచింది. తను నోరు తెరిచి ధర అడగలేదు. అడగకముందే రెట్టింపా?

"అయ్యా, ముందు గదులు చూస్తాను" అంది.

"చూడటానికి ఏముంది? అన్ని గదుల్లోనూ ఉండేది దుమ్మేగా!"

"అయితే నలుగురు ఆడవాళ్ళను తోడు తెచ్చుకుంటాను. అరవై గదులు నా ఒక్కదాని వల్ల కాదు."

"వద్దు, వద్దు. నువ్వొక్కదానివే రా. పదిమంది తొక్కితే నేల పాడవుతుంది."

"సరే అయ్యా. మరి ఏ గదిలో ఏ వస్తువు ఉందో లేఖకుడి చేత రాయించండి. పని అయ్యాక చూసి అప్పజెబుతాను."

భోగలింగం ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళలో మాత్రం పోయింది. "నీ మీద నాకు ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు.

నూకాలు దండం పెట్టి బయటికి వచ్చింది. మూడు అడిగింది, మూడూ కాదన్నాడు. డబ్బు ఒక్కటే అడగకుండా ఇస్తానన్నాడు.

గేటు దగ్గర ముసలి కాపలావాడు గవరయ్య నిలబడి ఉన్నాడు. వచ్చేటప్పుడూ ఆమెనే చూశాడు, వెళ్ళేటప్పుడూ ఆమెనే చూస్తున్నాడు. "వీడు కూడా అధికారి మనిషే" అనుకుని నూకాలు కొంగు బిగించి గబగబా నడిచింది.

ఇంటికి వచ్చి పొరుగింటి గున్నమ్మకు చెబితే ఆమె బుగ్గలు నొక్కుకుంది. "పిచ్చిదానా! ఇంటికొచ్చిన అదృష్టాన్ని ఎవరైనా అనుమానిస్తారా?"

"నాకు రావలసినది అయితే తీసుకుంటాను వదినా. ఇది నాకు రావలసినదానికంటే ఎక్కువగా ఉంది. ఆ ఎక్కువ దేనికో తెలియడం లేదు."

రెండు రోజులు ఆమెకు అన్నం సహించలేదు. వానలు దగ్గరపడుతున్నాయి. పని వదులుకుంటే మళ్ళీ ఇంతటిది ఎప్పుడొస్తుంది? ఒప్పుకుంటే ఏమవుతుంది? మూడోనాడు ధైర్యం చేసి, నేరుగా గవరయ్య దగ్గరకే వెళ్ళింది.

"తాతా, నన్ను ఎందుకలా చూస్తున్నావు?"

గవరయ్య అటూ ఇటూ చూశాడు. "నువ్వు ఆయన మనిషివేమో అని చూశాను తల్లీ."

"నువ్వే ఆయన మనిషివని నేననుకున్నాను!"

ముసలివాడు నిట్టూర్చాడు. "మూడేళ్ళ కిందట సముద్రపు గాలికి వెండిగది తలుపు విరిగింది. బాగుచేయడానికి అధికారి ఒక్క వడ్రంగినే పిలిచాడు. అప్పలస్వామి అని, తోడు లేనివాడు, వెనక మాట్లాడే దిక్కు లేనివాడు. పని అయిన వారానికి, వెండి బిందె పోయిందన్నారు. అప్పలస్వామిని దొంగ అని పట్నం దాటించారు. వెళ్తూ వెళ్తూ ఈ గేటు దగ్గర నిలబడి, 'గవరయ్యా, నేను తీయలేదు' అన్నాడు. అంతే. నేను నమ్మాను. నా మాట నమ్మేవాళ్ళెవరు? తాళాలు ఆ అధికారి మొలలోనే ఉంటాయి."

నూకాలుకు సంగతి అర్థమైంది. భోగలింగానికి కావలసింది తన పనితనం కాదు, తన ఒంటరితనం.

పౌర్ణమి వచ్చింది. సభ నిండింది.

ముందుగా జోగన్న లేచాడు. అతనికి నలభైమంది పనివాళ్ళున్నారు. "ఇరవై రోజుల్లో చేస్తాను మహారాణీ" అని ఒక ధర చెప్పాడు.

తరువాత బసవడు అనేవాడు లేచాడు. "నేను పది రోజుల్లో చేస్తాను. జోగన్న చెప్పినదాంట్లో సగానికే చేస్తాను" అన్నాడు. మహలు ఏ దిక్కున ఉందో కూడా అతనికి తెలియదు.

భోగలింగం గొంతు సవరించుకుని, నూకాలుకు కనుసైగ చేశాడు.

నూకాలు లేచింది. "తల్లీ, నేను ఈరోజు ధర చెప్పలేను. గదులు చూడలేదు. తలుపులు తీయించి చూపించండి. ఏ గదిలో ఏముందో లేఖకుడి చేత రాయించండి. అప్పుడు ఒక్కో గదికి ఎంతో, ఎన్నాళ్ళో చెబుతాను."

సభ గొల్లుమంది. బసవడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

భోగలింగం చటుక్కున లేచాడు. "చూశారా మహారాణీ! తుడిచేదానికి వస్తువుల లెక్క దేనికి? ఏది ఎక్కడుందో తెలుసుకోవాలనే దొంగచూపు ఇది!"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ నూకాలు వైపే చూశారు. రాణి కళ్ళలోనూ అనుమానం కదిలింది.

"చెప్పు. ఎందుకు చూడాలి?" అని అడిగింది రాణి.

"తుడవాల్సింది నేను తల్లీ. ఎంత మురికి ఉందో చూడకుండా ఎన్నాళ్ళు పడుతుందో ఎలా చెప్పను? చెబితే అబద్ధమవుతుంది. ఇంకొక మాట. లోపల ఏమున్నాయో తెలియకుండా వెళితే, బయటికొచ్చాక ఏం పోయినా నన్నే అడుగుతారు. నేను ఒక్కదాన్ని. నా తరఫున చెప్పేవాళ్ళు లేరు. ఆ రాత ఒక్కటే నాకు తోడు."

రాణి భోగలింగం వైపు తిరిగింది. "ఆమె అడిగింది సబబుగానే ఉంది. నీకెందుకు చెమట పడుతోంది?"

"ఉక్కపోత, మహారాణీ."

"అయితే సముద్రం దగ్గరకు పోదాం. గాలి తగులుతుంది. తాళాలు తీసుకుని రా."

అందరూ సాగరమహలుకు కదిలారు. మొదటి గది తెరిచారు. నేల మీద, కిటికీల మీద అంగుళం మందాన దుమ్ము. నూకాలు వేలితో గీసి చూసి, "ఈ గదికి ఒక పూట" అంది. లేఖకుడు రాసుకున్నాడు. రెండవది పెద్ద హాలు. పైకప్పు దాకా బూజు. "దీనికి నిచ్చెన కావాలి, ఆరుగురు కావాలి, మూడు రోజులు కావాలి" అంది. జోగన్న తల ఊపాడు. బసవడు జనం వెనక్కి జారుకున్నాడు.

మూడవది వెండిగది. భోగలింగం తాళం తీశాడు. తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది.

నూకాలు గడప దగ్గరే ఆగింది. "ఎవరూ లోపలికి వెళ్ళకండి. అడుగు పడితే దుమ్ము చెదురుతుంది."

గడప పక్కనే గోడవార పొడవాటి చెక్కబల్ల ఉంది. దాని మీద వెండి సామాను ఉంది. నడుమ నడుమ ఖాళీలున్నాయి. నూకాలు వంగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"తల్లీ, బల్ల మీద తొమ్మిదేళ్ళ దుమ్ముంది. ఇదిగో, ఇక్కడ ఒక గుండ్రటి గుర్తు. ఏదో బిందె ఉన్న చోటు. తీసేశాక దీని మీద మళ్ళీ దుమ్ము పడింది, మూడేళ్ళదై ఉంటుంది."

"అదే! ఆ వడ్రంగి ఎత్తుకుపోయిన బిందె!" అని అరిచాడు భోగలింగం.

"కావచ్చు అయ్యా. మరి ఈ రెండో బిందె గుర్తు? ఇందులో ఏడాది దుమ్ము కూడా లేదు. ఈ చివరి గుర్తు చూడండి. పళ్ళెం ఆకారం. దీని మీద దుమ్మే లేదు. నెల కూడా కాలేదు. వడ్రంగి వెళ్ళి మూడేళ్ళయింది. తరువాత వచ్చిందెవరు? తలుపు విరగలేదు. బందులకు కొత్తగా నూనె పెట్టారు."

అందరి చూపులూ భోగలింగం మొలలోని తాళాల గుత్తి మీదకు వెళ్ళాయి.

"నేను చూడకుండా వచ్చి ఉంటే, మొదటిరోజే ఈ బల్ల తుడిచేసేదాన్ని" అంది నూకాలు మెల్లగా. "సాక్ష్యం నా చేత్తోనే పోయేది. దొంగతనం నా నెత్తినే పడేది."

భోగలింగం రాణి కాళ్ళ మీద పడ్డాడు. అతని ఇల్లు వెతికితే పళ్ళెం దొరికింది. బిందెలు కరిగించి అమ్మేశానని అతనే ఒప్పుకున్నాడు. రాణి అతన్ని చెరసాలకు పంపింది. అప్పలస్వామి కోసం ఊరూరా మనుషులను పంపింది. పక్క రాజ్యంలో దొరికిన అతన్ని పల్లకీలో తీసుకువచ్చి, సభలో అందరి ముందూ క్షమాపణ అడిగింది.

నూకాలు అరవై గదులూ చూసి, రాయించి, చివరికి ధర చెప్పింది. అది బసవడి ధరకంటే ఎక్కువ, జోగన్న ధరకంటే కొంచెం తక్కువ. "పెద్ద హాళ్ళు నా వల్ల కావు. అవి జోగన్నకు ఇవ్వండి" అని కూడా చెప్పింది. గున్నమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్ళను తోడు పెట్టుకుంది. ఇరవై ఏడో రోజుకు సాగరమహలు అద్దంలా మెరిసింది.

పెళ్ళినాడు రాణి ఆమెను పక్కకు పిలిచింది. "నూకాలూ, నిజం చెప్పు. సభలో నన్ను కూడా అనుమానించావా?"

"అనుమానించాను తల్లీ. మీరు తలుపులు తీయించేదాకా."

రాణి నవ్వి, తన మెడలోని హారం తీసి ఆమె మెడలో వేసింది.

కాబట్టి పిల్లలూ, పెద్ద పని ఎదురైనప్పుడు ఆశకంటే ముందు కళ్ళు తెరవాలి. చూడని పనికి మాట ఇవ్వకూడదు, అడగకుండా ఎక్కువ ఇస్తామంటే ఎందుకో అడగకుండా చెయ్యి చాపకూడదు.