బంతి లేచే వేళ

ఉదయం ఐదూ నలభైకి దైవసహాయం మాస్టారు బాస్కెట్‌బాల్ కోర్టు ఊడ్వడం మొదలుపెట్టారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనూ ఆయనకు అదే వేళ, అదే పని. చీరాలలో ఆ డిగ్రీ కళాశాలకు చాలాకాలం ఆటలు నేర్పే పీడీగా పనిచేసి రిటైరయ్యారు గానీ, కొబ్బరి చీపురు మాత్రం వదల్లేదు. సముద్రపు గాలికి రాత్రంతా సిమెంటు మీద ఇసక పేరుకుంటుంది. దాని మీద బూటు జారితే మోకాలు పోతుంది. ఊడ్చేవాళ్ళు లేక కాదు. గ్రౌండు పనులన్నీ చూసే మార్కర్ పోలయ్య ఉన్నాడు. ఆ ఒక్క పనీ అతనికి ఎందుకు వదలరని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో ఊడ్చేది రెండు గదులేనయ్యా. అది తొందరగా అయిపోతుంది" అనేవారు. ఆయన భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ రెండు గదుల్లో ఆయనొక్కరే.

ఆ రోజు కిరీటి ఆయనకన్నా ముందే వచ్చి బోర్డు కింద నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఇదే కోర్టులో మాస్టారి దగ్గర ఆడినవాడు. ఇప్పుడు ఇదే కళాశాల జట్టుకు కోచ్. తనతో ఆడినవాళ్ళెవరూ ఇప్పుడా ఊళ్ళో లేరు. కిరాణా కొట్టు పైన అద్దె గది, ఈ కోర్టు, ఈ రెండింటి మధ్య సైకిలు దారి. అతని లోకం అంతవరకే. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక కూడా ఆ గదికి వెళ్ళబుద్ధి కాక చీకటి పడేదాకా ఖాళీ రింగుల కింద కూర్చునేవాడు. అలాంటివాడి జట్టు ఇప్పుడు విడిపోయేలా ఉంది. విశ్వవిద్యాలయం పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. టీములో ఒకబ్బాయి కాలేజీ మారిపోతున్నాడని హాస్టల్లో అనుకుంటుండగా పోలయ్య విన్నాడు. ఎవరన్నది అతనికి తెలియలేదు. కిరీటికి మాత్రం అనుమానం లేదు. అది నాగూరే.

ఎందుకంటే నాగూర్‌కు బంతి అందదు. జట్టులో భార్గవ అనే కుర్రాడు ఎక్కణ్ణుంచి విసిరినా రింగులో పడుతుంది. అందుకని మొదట కిరీటి బంతి అంతా భార్గవకే ఇమ్మన్నాడు. పాయింట్లు వచ్చాయి. కానీ మిగతా నలుగురూ బంతి ఇచ్చేసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడడం మొదలుపెట్టారు, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళలాగ. తర్వాత కిరీటి పద్ధతి మార్చాడు. వంతులు పెట్టి, అందరికీ సమానంగా షాట్లు అన్నాడు. వంతు వచ్చింది కాబట్టి నాగూర్ తనకు చేతకాని చోటునుంచి విసిరాడు. వంతు కాదు కాబట్టి భార్గవ ఖాళీగా ఉన్నా అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఊళ్ళో బ్యాంకు ఉద్యోగుల జట్టు చేతిలో కూడా ఓడిపోయారు.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతాను. బంతి బాగా ఆడేవాడికే ఇవ్వాలా? అందరికీ సమానంగా పంచాలా?"

మాస్టారు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు. ఏదో ఒక పని చెబుతారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు. లేకపోతే కనీసం పని అయినట్టు. ఆయన చీపురు నేలకు తాటించి సవరించుకుని, "ఆదివారం పోలయ్య కొత్తింట్లో పాలు పొంగిస్తున్నాడు. భోజనాల్లో వడ్డనకు మనుషులు చాలరట. నీ పిల్లల్ని తీసుకురా" అన్నారు.

"ఆదివారం ప్రాక్టీసు ఉంది మాస్టారూ."

"ఉందిగా. అక్కడే."

పోలయ్య ఇల్లు రెండు గదుల స్లాబు. ఇంటిముందు వీధికి అడ్డంగా షామియానా వేసి, కింద పొడుగాటి చాపలు పరిచి, అరిటాకులు వేశారు. వరసగా కూర్చుని తినే ఆ పద్ధతిని అక్కడ ఇప్పటికీ బంతి అనే అంటారు. మొదటి బంతి పన్నెండింటికి కూర్చుంది. మాస్టారు పనులు పంచారు. అన్నం నాగూర్‌కు, సాంబారు బకెట్టు జట్టు కెప్టెన్ శేషుకు, బూరెల పళ్ళెం భార్గవకు, కూరలు మిగతా ఇద్దరికీ, నెయ్యి గిన్నె కిరీటికి. ఆయన మాత్రం షామియానా గుంజకు ఆనుకుని నిలబడ్డారు.

శేషు కోర్టులో నేర్చిన వంతుల పద్ధతిలోనే నడిచాడు. మొదటి ఆకునుంచి చివరి ఆకు దాకా మనిషికో గరిటె. అన్నం వచ్చిన ఆకులోనూ పోశాడు, ఇంకా రాని ఆకులోనూ పోశాడు. ఒక ముసలాయన ఆకు అంచులు రెండు చేతులా ఎత్తి పట్టుకుని కేకేశాడు.

"ఒరే అబ్బాయ్! అన్నం లేకుండా సాంబారు పోస్తే ఏం చెయ్యమంటావురా? గట్టు కట్టుకుని కూర్చోనా?"

"అందరికీ సమానంగానే పోశాను తాతా!"

"సమానంగానే పోశావులే. నా పంచెక్కూడా పోశావు."

బంతంతా నవ్వింది. అటుపక్క భార్గవ కథ వేరే. పళ్ళెంతో చురుగ్గా తిరుగుతున్నాడు. ఎవరు పిలిస్తే అక్కడికి రెండంగల్లో చేరుతున్నాడు. గట్టిగా పిలిచినవాళ్ళకు మూడేసి బూరెలు పడ్డాయి. పిల్లను ఒళ్ళో పెట్టుకుని పిలవకుండా కూర్చున్న ఒకావిడ ఆకులో ఒక్కటీ పడలేదు. మాస్టారు గుంజ దగ్గర్నుంచి కదలకుండానే, ఇద్దరికీ వినబడేలా అన్నారు.

"మొహాలు చూడకండి నాయనా. ఆకులు చూడండి."

రెండో బంతికి పిల్లలు కుదుటపడ్డారు. నాగూర్ అన్నంతో ముందు నడుస్తుంటే, శేషు అతని వెనకే, అన్నం పడిన ఆకుల్లోనే పోసుకుంటూ వెళ్ళాడు. భార్గవ తల దించుకుని ఆకులు చూసుకుంటూ వచ్చాడు. ఎక్కడ ఏది తక్కువైందో అది అక్కడికి చేరుతోంది. ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు. నెయ్యి గిన్నె పట్టుకునే కిరీటి ఇదంతా గమనించాడు. గుంజ దగ్గరికి వెళ్ళి, "అర్థమైంది మాస్టారూ. ఒక్కడికీ కాదు, సమానంగానూ కాదు. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి" అన్నాడు.

మాస్టారు తల ఊపారు. "ఇంకా ఒక బంతి ఉంది" అన్నారు.

అది వడ్డించినవాళ్ళ బంతి. ఊరి జనమంతా తిని వెళ్ళేసరికి మూడు కావస్తోంది. షామియానా కింద ఈగలూ, ఎండ చారలూ మిగిలాయి. కొత్త ఆకులు వేశారు. శేషు, నాగూర్, మిగతా ఇద్దరూ భుజాలు తాకేటట్టు కూర్చుని పంచెక్కూడా పోసిన సాంబారు సంగతి చెప్పుకుని నవ్వుతున్నారు. కిరీటి వాళ్ళకు ఇవతల కూర్చున్నాడు. భార్గవ పళ్ళెం లోపల పెట్టి ఆలస్యంగా వచ్చి, నాగూర్‌కు అవతల ఒక ఆకు వదిలి ఆ తర్వాతి ఆకు ముందు కూర్చున్నాడు. దగ్గరికి జరగమని ఎవరూ అనలేదు. అతనూ జరగలేదు. మాస్టారు అతనికి ఎదురుగా, రెండో చాప మీద కూర్చున్నారు.

పోలయ్య భార్య వరసలో వడ్డించుకుంటూ వచ్చి ఆ ఖాళీ ఆకులోనూ అన్నీ వడ్డించింది. చివరికి తలెత్తి, "అయ్యో, ఇక్కడెవరూ లేరా?" అంది.

ఆ అన్నం మీద ఆవిరి కొంచెంసేపు లేచి ఆగిపోయింది.

ఆ ఊళ్ళో బంతిలో చివరి మనిషి చెయ్యి ఆగేదాకా ఎవరూ లేవరు. ఎవరూ నేర్పనక్కర్లేని సంగతి అది. కానీ పిల్లలు పొద్దుటినుంచీ కాళ్ళ మీద ఉన్నారు. శేషు ఆకు మడిచి లేచాడు. అతని వెనక మిగతా ముగ్గురూ లేచారు. కిరీటి కూడా లేచాడు. సోమవారం ప్రాక్టీసులో ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో అప్పటికే మనసులో గీసుకుంటున్నాడు. నీళ్ళ డ్రమ్ము దగ్గర చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగి చూశాడు.

అంత పొడుగు చాప మీద భార్గవ ఒక్కడే ఉన్నాడు. పక్కన ఎవరూ లేని ఆకులో నిండుగా అన్నం. ఎదురుగా మాస్టారు. ఆయన తినడం అయిపోయి చాలాసేపయినట్టుంది, చెయ్యి ఎండిపోయింది. కానీ ఆకు మడవలేదు. భార్గవ అన్నం కలుపుతున్నాడు తప్ప తినడం లేదు.

"మీరు లేవండి మాస్టారూ. నాకు ఆలస్యమవుతుంది."

"కానీ నాయనా, నిదానంగా కానీ. నాకు మాత్రం పనేముంది?" అని లోపలికి చూసి, "అమ్మా, ఈ అబ్బాయికి పెరుగు" అన్నారు మాస్టారు.

స్టేషను వైపునుంచి రైలు కూత వినిపించింది. భార్గవ చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది. మాస్టారు రైలు వైపు చూడలేదు, అతని వైపూ చూడలేదు. ఆకు చూస్తూ కూర్చున్నారు.

డ్రమ్ము దగ్గర నిలబడ్డ కిరీటి చేతిలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నెలల తరబడి బంతి ఎవరికి అందడం లేదో లెక్క చూసుకున్నాడు. అందినవాడి చుట్టూ ఎవరున్నారో ఒక్కసారీ చూడలేదు. భార్గవ బంతి పట్టుకున్న ప్రతిసారీ నలుగురు ఆగిపోవడం అతనికి ఆటలో లోపంగానే కనిపించింది. ఆ నలుగురి మధ్య ఒంటరిగా నిలబడ్డవాడు కనిపించలేదు. తన ఆకు అప్పటికే తీసేశారు. తడి చేత్తోనే వెళ్ళి నాగూర్ వదిలిన చోటుకూ భార్గవకూ మధ్య, ఆ చల్లారిన అన్నం ముందు కూర్చున్నాడు. కడుపు నిండి ఉంది. అయినా కలపడం మొదలుపెట్టాడు.

కొంచెంసేపటికి నాగూర్ తిరిగొచ్చి భార్గవకు అవతలి పక్కన చతికిలబడ్డాడు. "సార్, ఆ బూరె మీరు తినేలా లేరు" అన్నాడు.

"నువ్వు నాలుగు తిన్నావు కదరా?" అన్నాడు భార్గవ.

"లెక్కపెట్టావా? ఆకులు చూడమన్నారు గానీ నా ఒక్కడి ఆకే చూడమన్నారా?"

భార్గవ నవ్వాడో, పొలమారిందో చెప్పడం కష్టం. నాగూర్ మాత్రం వాడి నెత్తిమీద ఒకటి తట్టి, నీళ్ళ గ్లాసు జరిపాడు.

సోమవారం కిరీటి కోర్టులో వంతులు తీసేశాడు. కొత్తగా ఒకే మాట చెప్పాడు: "బంతి ఇచ్చినవాడు ఆటలోంచి లేవడానికి వీల్లేదు. ఆఖరివాడి చెయ్యి ఆగేదాకా." శేషు తల దించుకున్నాడు. ఆ సాయంత్రంనుంచి భార్గవ చేతికి బంతి వెళితే మిగతా నలుగురూ నిలబడిపోలేదు. ఒకడు అడ్డుగా వెళ్ళేవాడు, ఒకడు రింగు కిందికి పరిగెత్తేవాడు. భార్గవకు చుట్టూ మనుషులు కనిపించసాగారు. కనిపించినవాళ్ళకు ఇవ్వసాగాడు. గుంటూరు పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయారు. భార్గవ పాయింట్లు ఎప్పటికన్నా తగ్గాయి. ఓడిపోయాక ఐదుగురూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలు నిద్రపోయారు. కిరీటి పక్కసీట్లో ఉన్న శేషుతో, "పోనీలే. నాగూర్ వెళ్ళిపోకుండా నిలిచాడు. అంతే చాలు" అన్నాడు.

"నాగూరా?" శేషు అతని వైపు తిరిగాడు. "వాడెక్కడికెళ్తాడు సార్? మమ్మల్నందర్నీ తిట్టి మరీ ఉంటాడు వాడు. వెళ్ళిపోవాల్సింది భార్గవ."

"ఏంటీ?"

"మాకూ నిన్ననే చెప్పాడు. విజయవాడ కాలేజీలో మాట్లాడేసుకున్నాడంట. పోలయ్య ఇంట్లో భోజనాల రోజే, మధ్యాహ్నం రైలుకి. బ్యాగు హాస్టల్లో సర్దిపెట్టుకుని వచ్చాడు. మేమంతా లేచి వెళ్ళిపోయాక ఎవరికీ చెప్పకుండా పోదామని మెల్లగా తింటూ కూర్చున్నాడంట సార్. మేం లేచాం." శేషు నిద్రపోతున్న భార్గవ వైపు చూశాడు. "మాస్టారు లేవలేదు."

మర్నాడు తెల్లవారగానే కిరీటి కోర్టు దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు సగం ఊడ్చారు. కిరీటి ఇంకో చీపురు తీసుకుని రెండో సగం మొదలుపెట్టాడు. ఇసక కుప్పలు రెండూ మధ్య గీత దగ్గర కలిశాక అడిగాడు.

"వాడు ఆ రోజు వెళ్ళిపోతున్నాడని మీకు తెలుసా మాస్టారూ?"

"నాకెలా తెలుస్తుందయ్యా?" అన్నారు మాస్టారు. "వాడి ఆకులో ఇంకా అన్నం ఉంది."